పరీక్షే వద్దంటే ఎట్లా?

‘పేదోళ్ల మీద ప్రయోగాలు చేస్తున్నరు.’ కొత్త మందుల పరీక్ష అనగానే కామారెడ్డిలోనైనా, ఎల్లారెడ్డిలోనైనా వినబడే మాట ఇదే. చదువుకున్నవాళ్లూ ఇదే అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2011లో పిడుగురాళ్ల పేద మహిళలకు డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌లో మందులు మింగించారు. 2017లో జమ్మికుంట వైపు నుంచి అలాంటి బాగోతమే బయటపడింది. వాటిని వెనకేసుకురావడం నా పని కాదు. కాకపోతే అక్కడ మింగింది జబ్బు లేని మనుషులు, పైసల కోసం. ముదిరిన లివర్ క్యాన్సర్‌తో మంచం పట్టిన మనిషినీ వాళ్లనూ ఒకే గాటన కట్టడం తప్పు.

అసలు మనవాళ్లు పరీక్షించిన మందులే వాడుతున్నారా? కళ్లు పచ్చబడితే ముందు పసిరికల మందు. పొద్దున్నే పరగడుపున పసరు, ఉప్పూకారం లేని పత్యం. తర్వాత ఆరెంపీ దగ్గర సెలైన్. పొట్టలో నీరు చేరి, కాళ్లు వాచాక హైదరాబాద్ బస్సు. లెక్క రాసేవాడూ, జవాబు చెప్పేవాడూ లేని ఈ ప్రయోగానికి మాత్రం ఎవరికీ కోపం రాదు.

‘ఒక మందు కన్నా రెండు మేలు కదా, పరీక్షెందుకు’ అనేవాళ్లూ ఉన్నారు. లివర్ క్యాన్సర్ మందు సొరాఫెనిబ్‌కు ఎర్లోటినిబ్ కలిపి చూశారు, ఆయుష్షు పెరగలేదు. డాక్సోరుబిసిన్ కలిపారు, బాధలు మాత్రం పెరిగాయి. అటిజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జోడీ నెగ్గినట్టు 2020లో తేలింది: ఏడాదికి బతికున్నవాళ్లు 67 శాతం, సొరాఫెనిబ్ ఒక్కటే వాడినవాళ్లలో 55 శాతం. పరీక్ష లేకుంటే ఆ మూడు జోడీలూ ఒకే చీటీ మీద, ఒకే ధైర్యంతో రాసేవాళ్లు.

మన కోపం ఉండాల్సింది ఇంకోచోట. అలాంటి పరీక్షల్లోకి కాలేయం ఇంకా బాగానే పనిచేస్తున్నవాళ్లనే తీసుకున్నారు. బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం ముప్పు ఉంది. కాలేయం గట్టిపడ్డ మనిషికి అన్నవాహికలో నరాలు ఉబ్బి ఉంటాయి, అవి పగిలితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ముందు ఎండోస్కోపీ చేసి చూశారు. ఎల్లారెడ్డి నుంచి పచ్చకామెర్లతో, పొట్టలో నీటితో ఆలస్యంగా వచ్చే మనిషికి ఆ జోడీ మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? 67 శాతం అన్న అంకె ఆ సంగతి చెప్పదు. అది తేలాలంటే అలాంటివాళ్లతోనే, తగిన కాపలాతో, పరీక్ష జరగాలి.

ఖరీదు సంగతంటారా? సొరాఫెనిబ్ నెలకు సుమారు 2.8 లక్షలు ఉండేది. 2012 మార్చిలో హైదరాబాద్ కంపెనీ నాట్కోకు దేశంలోనే మొదటి తప్పనిసరి లైసెన్స్ (పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకున్నా మందు తయారుచేసే అనుమతి) దక్కాక వాళ్ల మందు సుమారు 8,800కే దొరికింది. ఆ మందు రోగుల్లో సగం మంది బతికుండే కాలాన్ని 7.9 నెలల నుంచి 10.7కు పెంచుతుందని పరీక్షలో తేలబట్టే దాని ధర కోసం కొట్లాడే వీలు దొరికింది.

కామారెడ్డిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. హైదరాబాద్ ఆసుపత్రులు నిమ్స్‌లోనో ఎంఎన్‌జేలోనో పరీక్ష ఏదైనా నడుస్తుంటే మన రోగికి ఆ కబురు ఈ కాలేజీలోనే అందాలి. 2019 నాటి కొత్త మందుల పరీక్షల నిబంధనల ప్రకారం పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. మీ ఇంటి మనిషిని సంతకం పెట్టమంటే మూడు సంగతులు అడగండి: సీటీఆర్‌ఐ (మందుల పరీక్షల జాతీయ రిజిస్ట్రీ) నమోదు నంబరు ఎంత, కొత్త జోడీ రానివాళ్లకు ఏ మందు ఇస్తారు, హాని జరిగితే ఖర్చు ఎవరిది. జవాబు కాగితం మీద రాకపోతే సంతకం పెట్టకండి.