సెలవుల క్లబ్బులో తలలు లెక్కపెట్టేదెవరు?

ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే చాలు, మా సింధనూరు వైపు గోడల మీదా కరెంటు స్తంభాల మీదా ఫ్లెక్సీలు వెలుస్తాయి. బేసిగె శిబిర, సమ్మర్ క్యాంప్, కిడ్స్ క్లబ్. పేరేదైనా సరుకు ఒకటే: డ్రాయింగు, డాన్సు, కరాటే, అబాకస్. కింద ఫీజు, ఫోన్ నంబరు. పిల్లల్ని ఎంతమంది చూసుకుంటారు, వాళ్లెవరు, మంచినీళ్లెక్కడ అన్నది మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా మాకు కనపడలేదు. ఈసారి దాని గురించే రాస్తున్నాం.

క్యాంప్ అనే మాట మా ఇళ్లకు కొత్తది కాదు. 1953లో తుంగభద్ర డ్యాంలో నీళ్లు నిలిచాక, ఎడమ కాలువ కింద భూములు చవగ్గా దొరుకుతున్నాయని విని గోదావరి, కృష్ణా, గుంటూరు వైపు నుంచి మనవాళ్లు వచ్చారు. తుమ్మచెట్లు కొట్టి, నల్లరేగడి చదును చేసి, గుడిసెలు వేసుకున్న చోటల్లా ఒక క్యాంప్ అయింది. ఇప్పుడు డాబాలు లేచినా, మూడో తరం బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్నా, పేరు మాత్రం క్యాంపే.

ఆ రోజుల్లో నాట్లకి ఆడవాళ్లంతా పొలానికి పోతే పిల్లల్ని ఎవరు చూసేవారు? మా ఇంట్లో చెప్పుకునే మాట ఇది. నడుం వంగని ముసలావిడ ఒకావిడ వేపచెట్టు కింద మంచం వేసుకుని కూర్చునేది. చీర ఉయ్యాలలో చంటివాళ్లు, చుట్టూ మిగతావాళ్లు. ఆవిడకి చదువు లేదు, ఆటలు నేర్పడం రాదు. కానీ పొద్దున ఒకసారి, అన్నాల ముందు ఒకసారి, పొద్దు వాలేముందు ఒకసారి తలలు లెక్కపెట్టేది. ఒక్క తల తగ్గినా కాలువ గట్టు దాకా కేకలు వేసుకుంటూ పోయేది. కాలువ మనకు అన్నం పెట్టింది, నిజమే. పిల్లలున్న ఇంటికి అదే కాలువ భయం కూడా.

పోయిన వేసవిలో మా ఏడేళ్ల మనవణ్ణి తాలూకా టౌనులో ఒక సెలవుల క్లబ్బులో చేర్చాం. ఊరూ పేరూ అనవసరం, ఎందుకంటే ఇది ఒక్క క్లబ్బు సంగతి కాదు. పది నుంచి ఒంటిగంట దాకా. ఒకరోజు వాళ్ల నాన్న ఒంటిగంటకి బండి మీద వెళ్తే హాలుకి తాళం. సారుకి ఏదో పనిపడిందని పన్నెండున్నరకే వదిలేశారట. ఫోన్ లేదు, మెసేజ్ లేదు. అరగంట వెతికితే వాడు ఇంకో ఇద్దరితో కలిసి ఉపకాలువ లోపల, మడుగులో చేపపిల్లలు పడుతూ కనిపించాడు. కాలువ కట్టేసిన రోజులు కాబట్టి సరిపోయింది. అదే నెల ముందైతే? ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆ రాత్రి ఎవరికీ అన్నం సహించలేదు కూడా.

మర్నాడు వెళ్లి అడిగాం. యాభైమంది దాకా పిల్లలు, ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లలో ఒకరు సగంసేపు వీడియోలు తియ్యడంలోనే ఉంటాడు, ఎందుకంటే సాయంత్రానికి అమ్మానాన్నల గ్రూపులో పెట్టాలి. హాజరు పుస్తకం లేదు. మరుగుదొడ్డి ఒక్కటే, దానికి తాళం, చెవి ఆఫీసులో. అడగడానికి సిగ్గుపడి చిన్నపిల్లలు నీళ్లు తాగడమే మానేస్తున్నారు. రాయచూరు జిల్లా ఎండలో, నలభై డిగ్రీలు దాటే రోజుల్లో! ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. డిగ్రీ చదువుతూ ఖర్చులకి వచ్చాడు. 'అందరూ వెళ్లిపోయారనుకున్నానండీ' అన్నాడు. అనుకోవడం వేరు, లెక్కపెట్టడం వేరు అని అతనికి చెప్పినవాళ్లెవరూ లేరు.

తప్పులో మా వాటా కూడా ఉంది. చేర్చేటప్పుడు ఏం నేర్పుతారని అడిగాం, ఫీజు తగ్గిస్తారా అని అడిగాం. ఎవరు చూసుకుంటారని అడగలేదు.

'మన చిన్నప్పుడు ఎవరు చూశారు, పెరగలేదా?' అని కొందరంటారు. పెరిగాం. కానీ అప్పుడు వీధి నిండా కళ్లుండేవి. ఎవరి పిల్లాడు కాలువ వైపు పోతున్నా ఎవరో ఒక అత్త చెవి పట్టుకుని తీసుకొచ్చేది. ఇప్పుడు ఆ కళ్లకు బదులుగా డబ్బు కడుతున్నాం. బడికైనా గుర్తింపు, తనిఖీ అంటూ ఉంటాయి. సెలవుల క్లబ్బు పెట్టడానికి ఒక హాలూ ఒక ఫ్లెక్సీ చాలు. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్ మంటల్లో పాతికమందికి పైగా పోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. అదీ వేసవి సెలవుల్లోనే. బయటికి పోయే దారి ఎక్కడని టికెట్టు కొన్నవాళ్లలో ఎంతమంది చూసి ఉంటారు?

క్లబ్బులు వద్దనడం లేదు. పిల్లలు నలుగురిలో కలవాలి, ఫోన్ పక్కన పెట్టాలి. మన తెలుగువాళ్లకి ఇది పాత సంగతే. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు బాలానందం పేరుతో పిల్లల్ని పోగుచేసి ఆటా పాటా నేర్పినవాళ్లే. ఇటు కన్నడనాట శివరామ కారంతులు పుత్తూరులో బాలవనం నడిపారు, మైసూరు రంగాయణలో చిన్నర మేళ జరుగుతోంది. వీళ్ల పేర్లు ఇంకా ఎందుకు చెప్పుకుంటున్నాం? పిల్లల్ని గుంపుగా కాక ఒక్కొక్కరిగా చూశారు కాబట్టే అని మా నమ్మకం.

అందుకని ఈ ఏడు చేర్చేముందు ఇవి అడగండి. చిన్నపిల్లలు పది పన్నెండుమందికి ఒక పెద్దమనిషి ఉన్నారా? ఆడపిల్లలుంటే ఆడమనిషి ఉన్నారా? హాజరు రాస్తారా, వెళ్లేటప్పుడు మళ్లీ లెక్కపెడతారా? పిల్లాణ్ణి ఎవరి చేతికి అప్పగిస్తారు? ముందే వదిలితే ఫోన్ చేస్తారా? మరుగుదొడ్డి తెరిచి ఉంటుందా? పదిన్నరలోపు ముగిస్తారా? మీ పిల్లకి ఇంకా తెలుగొక్కటే వచ్చైతే, నీళ్లు, కడుపునొప్పి, భయమేస్తోంది అనే మాటలు కన్నడంలో నేర్పి పంపండి. భిలాయ్‌లో, ఖరగ్‌పూర్‌లో ఉన్న మనవాళ్లకీ ఇదే మాట, అక్కడి భాషలో. 1098కి ఫోన్ చెయ్యొచ్చని పిల్లలకీ చెప్పి ఉంచండి. ఈ ప్రశ్నలకి విసుక్కునే క్లబ్బైతే ఫీజు ఎంత తక్కువైనా వద్దు.

మా క్యాంపులో ఈ వేసవికి నాలుగిళ్లవాళ్లం ఒకటి అనుకున్నాం. రామాలయం అరుగు మీద పొద్దున్న ఏడు నుంచి పది దాకా. ఒక గంట కన్నడ కథలు, ఒక గంట తెలుగు అక్షరాలు, మిగతాది ఆటలు. ఇద్దరు కాలేజీ పిల్లలకి జీతం ఇస్తాం. వాళ్లతోపాటు రోజూ ఒకింటి మామ్మో తాతయ్యో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. వాళ్లకి నేర్పే పనేం లేదు. పుస్తకంలో పేర్లు చూసుకుంటూ మూడుసార్లు తలలు లెక్కపెట్టడమే వాళ్ల పని.