పాలకు లెక్క ఉంది, చేతులకు లెక్క లేదా?

మనం పోసే పాలలో ఫ్యాట్ ఒక్క పాయింటు తగ్గితే రేటు కోస్తారు. ఆ పాల ట్యాంకు కడిగే మనిషి చేతులు కాలితే మాత్రం అడిగే దిక్కు లేదు. మా మండలంలోని పాల శీతలీకరణ కేంద్రంలో పనిచేసే కుర్రాడికి మొన్న కాస్టిక్ సోడా నీళ్లు చిమ్మి ముంజేయి, మెడ కాలాయి. మేం వెళ్లి అడిగితే మేనేజరు ఏమన్నాడో తెలుసా? "వాడే జాగ్రత్తగా ఉండాల్సింది. అయినా వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి."

ఏం జాగ్రత్త? ట్యాంకులో వెన్న జిడ్డు పోవడానికి కాస్టిక్ సోడా, గార వదలడానికి యాసిడ్ వాడతారు. సోడా నీళ్లలో కలిస్తే పొయ్యి లేకుండానే కాగుతుంది. అందుకే నీళ్లలో సోడాను కొద్దికొద్దిగా వెయ్యాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఉడికి మొహం మీదికి ఎగురుతుంది. ఈ మాట ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. చేతికి తొడుగులు లేవు, కంటికి అద్దాలు లేవు, డబ్బా మీద తెలుగులో ఒక్క అక్షరం లేదు. ఇచ్చిందల్లా ఒక ప్లాస్టిక్ మగ్గు. మరి నిర్లక్ష్యం ఎవరిది?

"కాంట్రాక్టరు మనిషి" అన్న సాకు చెల్లదు. కాంట్రాక్టు కూలీకి పనిలో దెబ్బ తగిలితే పని చేయించుకునే యజమానే పరిహారం ఇవ్వాలని 1923 నాటి చట్టమే చెప్పింది. ఆ తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవడం వాళ్ల తలనొప్పి.

రైతు సంఘానికి ఇదంతా ఎందుకని కొందరు అంటున్నారు. ఆ కుర్రాడు ఎవరి బిడ్డ? రెండు గేదెలు మేపుకుంటూ అదే కేంద్రంలో పాలు పోసే రైతు బిడ్డే. సేద్యం గిట్టకనే కదా ఆ పనికి వెళ్లాడు!

అందుకే ఈసారి రేటు గురించి మాట్లాడేటప్పుడు ఇవీ అడుగుదాం: తొడుగులు, బూట్లు, కళ్లద్దాలు, తెలుగులో హెచ్చరికలు, పని నేర్పడం, ట్యాంకు పక్కనే ఎప్పుడూ నీళ్లొచ్చే కుళాయి, కాలినవారికి వైద్యం ఖర్చు, మంచాన పడిన రోజులకు కూలి.

అందాకా ప్రతి కేంద్రంలో ఈ మాట చెప్పండి. సోడా గానీ యాసిడ్ గానీ పడితే వెంటనే తడిసిన బట్టలు తీసేసి కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడినా అంతే. ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నిమ్మరసం, పసుపు, టూత్‌పేస్టు పూయొద్దు. యాసిడ్‌ను, బ్లీచింగ్‌ను కలపొద్దు, విషవాయువు లేస్తుంది.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే తమ కేంద్రానికి వెళ్లి చూడాలి. కుళాయి ఉందా, తొడుగులు ఉన్నాయా అని అడిగి రాసి పంపండి. లేవన్న చోటికి అందరం కలిసి వెళ్దాం.