దండెం మీది సాక్ష్యం

ఈ వారం ఉత్తరం: "అక్కయ్యా! మా అక్కకు ఆపరేషన్ కాన్పయి తొమ్మిది రోజులైంది. బాబు పుట్టినప్పుడు 2 కిలోల 800 గ్రాములు, ఆరో రోజు 2 కిలోల 620 గ్రాములు. పొద్దుగూకితే ఒకటే ఏడుపు. 'దానికి పాలు పడలేదు, డబ్బా తేపో' అని నానమ్మ నన్ను తరుముతున్నది. అక్క కూడా ఏడుస్తున్నది. డబ్బా తేవాల్నా, వద్దా?"
— ఒక డిగ్రీ విద్యార్థి, సుబేదారి, హనుమకొండ

తమ్ముడూ! సినిమా కబుర్ల ఉత్తరాల మధ్య నీ ఉత్తరం చూసి ముందు నీకు విడిగా జవాబు పంపేశాను. ఇది మిగతా తమ్ముళ్ళకీ, చెల్లెళ్ళకీ.

మన సినిమాల్లో బిడ్డ పుట్టడం, ఊయల ఊగడం, ఒక్క పాటలో హీరో అయి మోటారుసైకిలెక్కడం! క్లైమాక్సులో 'తల్లి పాలు తాగినవాడివైతే రా' అని సవాలు మాత్రం తప్పదు. ఆ పాలు చాలాయో లేదో తెలియక తల్లి కుమిలిపోయే మొదటి పదిహేను రోజులు ఏ రీల్లోనూ కనపడవు.

కోర్టు సీను అనుకో. మొదటి సాక్షి ఏడుపు. ఒట్టి దొంగ సాక్షి! బిడ్డ ఆకలికీ ఏడుస్తాడు, తడికీ ఏడుస్తాడు, ఎత్తుకోమనీ ఏడుస్తాడు. సాయంత్రాలు గంటగంటకీ పాలకోసం పేచీ పెట్టడం చాలామంది పసివాళ్ళకు మామూలే. రెండో సాక్షి 'రొమ్ము మెత్తబడింది' అనే మాట. తాగాక మెత్తబడకేం చేస్తుంది? పిండితే నాలుగు చుక్కలే వచ్చాయన్నదీ చెల్లదు. బిడ్డ లాగినట్టు చెయ్యి లాగలేదు.

అసలు సాక్షి మీ ఇంటి దండెం! అయిదారు రోజులు దాటిన బిడ్డ రాత్రింబవళ్ళు కలిపి ఆరు గుడ్డలైనా తడపాలి. మూత్రం నీళ్ళలా తేటగా ఉండాలి. మొదట్లో నల్లగా ఉండే దొడ్డి అయిదో రోజుకల్లా ఆవపిండి పసుపులోకి తిరగాలి. డైపర్ తొడిగితే ఈ లెక్క అందదు. గుడ్డలే మేలు.

రెండో నిజమైన సాక్షి తూకం. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత తగ్గుతాడు. నూటికి పది వంతులు తగ్గితే మాత్రం డాక్టరు చూడాల్సిందే. మీవాడు తగ్గింది ఆరున్నర వంతులు. రెండు వారాలకల్లా పుట్టిన బరువు అందుకోవాలి. ఆపైన రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఆపరేషన్ కాన్పయితే ఆశా కార్యకర్త 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి తూచాలి. రాకపోతే నువ్వే పిలుచుకురా.

నానమ్మ మీద కోపం వద్దు. ఆవిడ భయం ఉత్తది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 పైగా ఆపరేషన్ కాన్పులే. గంటలోపు తల్లి పాలు అందిన బిడ్డలు నూటికి 37 మందే. ఆపరేషన్ అయితే పాలు దిగడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. అందాకా వచ్చే పచ్చటి ముర్రుపాలు చెంచాడైనా చాలు, పారబోయకూడదు. కాని తొందరపడి డబ్బా పట్టామా, బిడ్డ కడుపు నిండి తల్లి దగ్గర తక్కువ లాగుతాడు. తక్కువ లాగితే తక్కువ ఊరతాయి. అప్పుడు నానమ్మ మాటే నిజమై కూర్చుంటుంది! ఒకప్పుడు బొద్దుగా ఉంటే 'గ్లాక్సో బేబీ' అని మురిసేవాళ్ళం. 1992 చట్టం వచ్చాక పాలడబ్బాకు ప్రకటన చెయ్యకూడదు, డబ్బా మీద పాపాయి బొమ్మా వెయ్యకూడదు.

మరి అక్క ఏం చెయ్యాలి? రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రాత్రి కూడా, పట్టాలి. బిడ్డ నోరు బాగా తెరిచి, మొనతోపాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా అందుకోవాలి. గడ్డం రొమ్ముకి ఆనాలి. గుటక చప్పుడు వినపడాలి. పథ్యం పేరుతో ఆమె కడుపు మాడ్చకండి. బిడ్డకు తేనె, చక్కెర నీళ్ళు వద్దు.

కాని ఒక మాట గట్టిగా చెబుతున్నా. బిడ్డ మగతగా పడి పాలకు లేవకపోయినా, గుడ్డలు తడవడం తగ్గినా, మూత్రం ముదురు రంగుకి తిరిగినా, కాళ్ళదాకా పచ్చబడినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, లెక్కలు కట్టిపెట్టి ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళు. అక్కడ డాక్టరు డబ్బా పాలు అవసరమంటే పట్టండి. అందులో తల్లి తప్పేమీ లేదు.

అన్నట్టు, మన తమ్ముడు మళ్ళీ రాశాడు. నోటుపుస్తకంలో గీతలు గీశాడట. రోజుకి ఏడు గుడ్డలు, నాలుగు పసుపు మరకలు. పన్నెండో రోజు తూకం 2 కిలోల 760! ఇంకా 40 గ్రాములు బాకీ. పద్నాలుగో రోజు మళ్ళీ తూచమన్నాను. ఇప్పుడు నానమ్మే గుడ్డలు లెక్కపెడుతున్నదట. వీడికి మొదటాట టిక్కెట్టు డబ్బులు కూడా ఇచ్చిందట!