వాన కురిసే చాపెల్

ఈ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. యుద్ధవిమానాలని వరసగా ముక్కులు పైకెత్తి నిలబెట్టినట్టు 17 శిఖరాలు, 150 అడుగుల ఎత్తు. అమెరికాలో కొలరాడోలోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీ క్యాంపస్‌లో ఉన్న కేడెట్ చాపెల్ అది. ఎస్.ఓ.ఎం. సంస్థ ఆర్కిటెక్ట్ వాల్టర్ నెట్ష్ డిజైన్ చేశారు. 1962లో పూర్తయింది. స్టీల్ పైపులతో చేసి అల్యూమినియం తొడిగిన 100 టెట్రాహెడ్రన్లు, మధ్య సందుల్లో రంగుల గాజు. పైన ప్రొటెస్టెంట్లకి, కింద క్యాథలిక్కులకి, యూదులకి వేరువేరు ప్రార్థనా స్థలాలు.

ఇంత గొప్ప కట్టడం మొదటినుంచీ వానొస్తే కురిసేది! మన పాత పెంకుటింట్లో గిన్నెలు పెట్టుకున్నట్టే.

"అందం కోసం పోతే అంతే" అని వెంటనే అనేస్తాం. కానీ నేను ఒప్పుకోను. అల్యూమినియం పలకల కింద నీళ్లు పట్టి బయటికి పంపే ఫ్లాషింగులు, కాలువలు నెట్ష్ డిజైన్‌లో ఉన్నాయి. ఖర్చు తగ్గించాలని వాటిని తీసేసి, సందుల్లో సీలెంట్ కుక్కి సరిపెట్టారు. అల్యూమినియం ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఆ కదలికకి సీలెంట్ ఎన్నాళ్లు తట్టుకుంటుంది? పగిలింది, మళ్లీ పూశారు, మళ్లీ పగిలింది.

చివరికి 2019లో చాపెల్ మూసేసి, పలకలన్నీ ఊడదీసి, అప్పుడు వదిలేసిన ఆ ఏర్పాటునే ఇప్పుడు పెడుతున్నారు. అప్పట్లో కట్టడానికి అయింది సుమారు 35 లక్షల డాలర్లు. ఈ రిపేరు మొదటి కాంట్రాక్టే 15.8 కోట్ల డాలర్లు. డాలర్ విలువ మారిందనుకున్నా తేడా చిన్నది కాదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

తప్పు అందానిది కాదు, బడ్జెట్ కోత పెట్టిన చోటుది. శిఖరం తగ్గిస్తే అందరికీ కనిపిస్తుంది, లోపలి కాలువ తీసేస్తే వాన పడేదాకా ఎవరికీ తెలీదు. అందుకే కోత ఎప్పుడూ కనపడని వాటి మీదే పడుతుంది. మన ప్రాజెక్టుల్లో మాత్రం? కోడ్‌లో టెస్టింగ్ ఎగ్గొడతాం, మోడల్‌కి ఎలివేషన్ మెరిపిస్తాం. రివ్యూలో మార్కులు కూడా మెరుపుకే పడతాయి.

ఈసారి రివ్యూలో పక్క టీమ్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "బాగుంది బాస్, మరి నీళ్లెటు పోతాయి?" ముందు మన టీమ్‌ని మనమే అడుగుదాం.