చెవిలో దీవి కథ.. కాలక్షేపమా, కెరీర్‌కు పనికొచ్చేదా?

హయత్‌నగర్‌లో బస్సెక్కి, ఎల్బీనగర్‌లో మెట్రో అందుకుని, అమీర్‌పేటలో లైను మారి హైటెక్ సిటీ వైపు వెళ్లే విద్యార్థుల్ని గమనించండి. పదిమందిలో ఏడెనిమిది మంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. అందరూ పాటలే వింటారనుకుంటే పొరపాటే. కొంతకాలంగా ఆ చెవుల్లోకి కథలు కూడా చేరాయి. అందులోనూ ఒక రకం కథలు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. ఏ మ్యాపులోనూ లేని దీవి, దారి తప్పిన ఓడ, ఒడ్డున ఎవరివో తెలియని అడుగుజాడలు. వందేళ్ల కిందటి వింత కథల్ని ఎవరో ఒకరు గొంతు తగ్గించి, ఆగి ఆగి చదువుతుంటే మనవాళ్లు వింటున్నారు.

ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఇక్కడ రెండు ప్రశ్నలు ముఖ్యం. రోజూ ప్రయాణంలో పోయే ఆ సమయం వృథానా? వినడం దగ్గరే ఆగకుండా, ఆ మైకు ముందు మీరే కూర్చుంటే దారి దొరుకుతుందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

పాత కథలే ఎందుకు?

మొదటి కారణం డబ్బు. మన కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్ల పాటు రచనపై హక్కు ఉంటుంది. ఆ గడువు దాటితే ఎవరైనా చదవొచ్చు, రికార్డు చేయొచ్చు, అనువదించొచ్చు. ‘ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో’ (1896) రాసిన హెచ్.జి.వెల్స్ 1946లో చనిపోయారు. అంటే మన దేశంలో 2006 చివరితో గడువు తీరింది. సముద్ర గర్భంలోని వింత నగరం కథను 1928లో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో అచ్చేసిన లవ్‌క్రాఫ్ట్ 1937లో పోయారు. ఆయన రచనలకు 1997తోనే గడువు అయిపోయింది. ఓడల కథలకు పేరుపడ్డ విలియం హోప్ హాడ్జ్‌సన్ 1918లోనే మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించారు. కథ ఉచితం, ఖర్చల్లా గొంతుకే. 2005లో మొదలైన లిబ్రివాక్స్‌లో ఆ గొంతు కూడా ఉచితమే. వాలంటీర్లే చదివి పెడతారు.

రెండో కారణం ఈ కథల తీరు. దెయ్యం కథలా ‘అనగనగా’ అని మొదలవవు. ఓడ లాగ్‌బుక్కులా, సీసాలో దొరికిన ఉత్తరంలా, సాక్షి వాంగ్మూలంలా సాగుతాయి. లవ్‌క్రాఫ్ట్ అయితే అక్షాంశ, రేఖాంశాలు కూడా ఇచ్చేశాడు. ఒక మనిషి తనకు జరిగింది చెబుతున్నట్టుండే కథకు పుస్తకం కన్నా గొంతే బాగా నప్పుతుంది.

మనకు కొత్తేం కాదు

ఇదంతా విదేశీ సరుకు అనుకోకండి. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీ మజిలీ కథలు’ కట్టుబాటే ఇది. కాశీకి నడిచి వెళ్తున్న మణిసిద్ధుడికి తోడుగా ఒక గొల్ల కుర్రాడు వస్తాడు. షరతు ఒక్కటే, మజిలీ మజిలీకీ అడిగిన కథ చెప్పాలి. అంటే ప్రయాణ బడలిక తెలియకుండా కథ వినడం. మెట్రోలో మీరు చేస్తున్నదీ అదే కదా! 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’కి మూలం ఈ కథల్లోనే ఉంది. బాలనాగమ్మ కథలో మాయావి ప్రాణం సముద్రాల అవతల చిలుకలో దాగి ఉంటుంది. బుర్రకథగా ఊరూరా విన్నది దాన్నే. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘జ్వాలాద్వీపం’ లాంటి సీరియళ్ల కోసం మీ అమ్మానాన్నల తరం నెలంతా ఎదురుచూసింది.

మన హయత్‌నగర్ కూడా ఒకప్పటి మజిలీయే. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే పాత బాటలో హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరిది. ఇక్కడి కుతుబ్‌షాహీల కాలపు మసీదు చుట్టూ బాటసారులు దిగేందుకు కట్టిన గదుల వరుసలున్నాయి. రేవు నుంచి వచ్చే వర్తకులు రాత్రి ఆగిన చోటు. ఇప్పుడు అదే బాట జాతీయ రహదారి 65.

కథలోంచి పరీక్షలోకి

గ్రూప్స్, ఎస్సెస్సీలకు చదివేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. మాయమైన దీవులు కథల్లోనే కాదు, కరెంట్ అఫైర్స్‌లోనూ ఉన్నాయి.

న్యూమూర్ దీవి: 1970 భోలా తుపాను తర్వాత బంగాళాఖాతంలో, భారత్-బంగ్లాదేశ్ సరిహద్దు నది ముఖద్వారం దగ్గర తేలింది. బంగ్లాదేశ్ దాన్ని దక్షిణ తల్‌పట్టి అంది. రెండు దేశాలూ మాదంటే మాదన్నాయి. 2010లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అది నీట మునిగిపోయిందని ప్రకటించారు. సముద్ర సరిహద్దు తగాదా మాత్రం 2014 జులైలో హేగ్ కేంద్రంగా సాగిన ఆర్బిట్రేషన్ తీర్పుతో తేలింది. వివాదంలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి.

శాండీ దీవి: ఆస్ట్రేలియాకు, న్యూ కాలెడోనియాకు మధ్య ఉన్నట్టు మ్యాపుల్లో, చివరికి గూగుల్ ఎర్త్‌లోనూ చూపించేవారు. 2012లో ఆస్ట్రేలియా పరిశోధన నౌక అక్కడికి వెళ్తే నీళ్లు తప్ప ఏమీ లేవు. పాత తప్పును ఒక మ్యాపు నుంచి ఇంకో మ్యాపు ఎత్తి రాసుకుంటూ వచ్చింది.

కోరింగ-హోప్ దీవి: గోదావరి ముఖద్వారంలోని కోరింగ రేవును 1839 నవంబరు ఉప్పెన తుడిచిపెట్టింది. తర్వాత ఆ రేవు కోలుకోలేదు. అదే తీరంలో గోదావరి మేట వేసిన ఇసుకతో ఏర్పడిన హోప్ దీవి ఈ రోజు కాకినాడకు అలల దెబ్బ నుంచి అడ్డుగోడలా నిలిచింది. ఒకే నది ముఖద్వారంలో ఒక రేవు పోయింది, ఒక దీవి వచ్చింది.

డెల్టాలు, తుపానులు, సముద్ర చట్టాలు.. మూడు సిలబస్ అంశాలు ఈ మూడు ఉదాహరణల్లో ఉన్నాయి. కథ వింటే మార్కులు రావు. కానీ కథ రేపిన కుతూహలంతో మ్యాపు తెరిస్తే, ఆ పాఠం మళ్లీ మర్చిపోరు.

వింటే ఇంగ్లిష్ వస్తుందా?

నిజం చెప్పుకోవాలంటే, ఊరికే వింటే రాదు. పైగా 1890ల నాటి ఇంగ్లిష్‌ను ఇంటర్వ్యూలో వాడితే నవ్వుతారు. ఆ వాక్యాలు పొడుగు, ఆ మాటలు పాతవి. వీటి నుంచి తీసుకోవాల్సింది పదాలు కాదు, చెవికి సాధన.

బీపీఓ, ఐటీ కంపెనీల్లో కొన్ని వాడే వెర్సాంట్ పరీక్ష చూడండి. విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పమంటారు. చిన్న కథ వినిపించి, 30 సెకన్లలో సొంత మాటల్లో చెప్పమంటారు. చాలామంది తడబడేది ఇక్కడే. గ్రామర్ రాక కాదు, వింటున్నప్పుడు మనసు ఎక్కడో ఉండి.

కాబట్టి ఇలా చేసి చూడండి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కగానే పది నిమిషాల కథ వినండి. చైతన్యపురి వచ్చినా, దిల్‌సుఖ్‌నగర్ వచ్చినా మధ్యలో ఫోన్ చూడొద్దు. ఆపేసి, ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది, తర్వాత ఏమైంది అని నాలుగు ముక్కల్లో మనసులో చెప్పుకోండి. ఇంటికెళ్లాక అదే కథను ఇంగ్లిష్‌లో 30 సెకన్లు ఫోన్‌లో రికార్డు చేయండి. మొదటి వారం మీ గొంతు మీకే నచ్చదు. పర్వాలేదు. నెల తర్వాత మొదటి రికార్డింగు, చివరిది పక్కపక్కన వినండి. తేడా మీకే తెలుస్తుంది. పది నిమిషాలు విని ఒక్క నిమిషం కూడా చెప్పలేకపోతే మాత్రం అది కాలక్షేపమే, అలాగే ఒప్పుకోండి. కాలక్షేపం తప్పు కాదు, దాన్ని ప్రిపరేషన్ అనుకోవడమే తప్పు.

గొంతుకు గిరాకీ ఉందా?

ఇక రెండో ప్రశ్న. 2018లో మొదలైన కుకు ఎఫ్ఎం, పాకెట్ ఎఫ్ఎం వంటి యాప్‌లు తెలుగులోనూ కథలు ఇస్తున్నాయి. తెలుగు శ్రవణ పుస్తకాలకే ‘దాసుభాషితం’ ఉంది. ఆకాశవాణి అవసరాన్ని బట్టి రాత పరీక్ష, స్వర పరీక్ష పెట్టి క్యాజువల్ అనౌన్సర్లను తీసుకుంటుంది. అది పర్మినెంట్ ఉద్యోగం కాదని గుర్తుంచుకోండి. డబ్బింగు, ఆన్‌లైన్ పాఠాలు, కస్టమర్ కేర్ రికార్డింగులు కూడా ఈ రంగంలోవే.

కానీ ఎదురుగా యంత్రం కూడా నిలబడింది. ఆపిల్ 2023లోనే పుస్తకాలకు డిజిటల్ గొంతు ఇచ్చింది. 2025లో ఆడిబుల్ కూడా ప్రచురణకర్తలకు కృత్రిమ మేధ గొంతును ఇస్తామని ప్రకటించింది. కొద్దిపాటి రికార్డింగు ఉంటే చాలు, మీ గొంతును అనుకరించే సాఫ్ట్‌వేర్ ఉంది. మన దగ్గరే జరిగిన ఉదంతం ఉంది. ‘కీడా కోలా’ (2023) సినిమాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో పుట్టించారంటూ 2024లో ఆయన కుటుంబం నోటీసు పంపింది. అదే ఏడాది జులైలో గాయకుడు అరిజిత్ సింగ్ వేసిన కేసులో బాంబే హైకోర్టు, అనుమతి లేకుండా ఆయన గొంతును అలా వాడటాన్ని అడ్డుకుంటూ మధ్యంతర ఉత్తర్వులిచ్చింది.

పేరున్నవాళ్లకు లాయర్లు ఉంటారు. మీకు ఉండేది సంతకం పెట్టే ముందు దొరికే ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాల్లో ఇవి అడగండి:

- ఈ రికార్డింగు ఒక్క పుస్తకానికా, కంపెనీ ఇష్టమొచ్చిన ప్రతిదానికా?
- నా గొంతుతో సాఫ్ట్‌వేర్‌కు శిక్షణ ఇస్తారా? ఇస్తే దానికి వేరుగా డబ్బు ఉందా?
- చెల్లింపు రికార్డు చేసిన గంటకా, పూర్తయిన ఆడియో గంటకా? పూర్తయిన ఒక గంట వెనుక చదవడం, తప్పులు దిద్దడం కలిపి చాలా గంటల పని ఉంటుంది.
- నా పేరు వేస్తారా? 2012 సవరణతో కళాకారులకు తమ పేరు చెప్పించుకునే హక్కు చట్టంలోనే వచ్చింది.

పని ఇస్తామంటూ ముందే రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే మాత్రం ఏ ప్రశ్నా అక్కర్లేదు. ఫోన్ పెట్టేయండి.

ఏ కథ చదవాలి?

ప్రాక్టీసుకు చాలామంది మొదట పట్టుకునేది చందమామ సీరియళ్లే. జాగ్రత్త. వాటిలో రచయిత పేరు వేసేవారు కాదు. పేరు లేని రచనకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు లెక్క. ఆ లోపే రచయిత ఎవరో బయటపడితే ఆయన మరణం నుంచి లెక్క మొదలవుతుంది. దాసరి సుబ్రహ్మణ్యం 2010లో కన్నుమూశారు. పాతదే కదా అని చదివి చానల్‌లో పెట్టేస్తే చిక్కే. జూల్స్ వెర్న్ విషయంలోనూ అంతే. ఆయన 1905లో పోయినా, మీరు చదివే అనువాదానికి అనువాదకుడి హక్కు వేరే ఉండొచ్చు.

దీక్షితులుగారు కన్నుమూసింది 1928లో. కాశీ మజిలీ కథల మూలానికి ఆ ఇబ్బంది లేదు. భాష పాతదే, నిజమే. దాన్ని ఇవాళ్టి మాటల్లోకి మీరే తిరగరాయండి. ఆ స్క్రిప్టు మీ సొంతమవుతుంది. తిరగరాయడమే అసలు పని కూడా. ఆడియో సీరియళ్లకు గొంతు ఎంత కావాలో రాత అంతకన్నా ఎక్కువ కావాలి.

గొంతు మీద ఆసక్తి ఉండి మైకు భయమైతే మరో దారి ఉంది. కేంద్రం 2022లో తెచ్చిన భాషిణిలో ‘భాషాదాన్’ కింద తెలుగు వాక్యాలు చదివి ఇవ్వొచ్చు, ఇతరులు చదివినవి సరిచూడొచ్చు. అది స్వచ్ఛంద సేవే, జీతం రాదు. అయినా యంత్రానికి తెలుగు ఎలా నేర్పుతారో లోపల్నుంచి తెలుస్తుంది. మాటల డేటాను సరిచూసే ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఆ అనుభవం చెప్పుకోవచ్చు.

ఒక్క మాటలో చెప్పాలంటే, కథ చదవడం ఒక్కటే నమ్ముకుని ఉద్యోగ వేట ఆపేయడం ఇప్పట్లో తెలివైన పని కాదు. రాయడం, చదవడం, ఆడియో ఎడిటింగ్ మూడూ కలిపి నేర్చుకుంటే రెజ్యూమెలో ఒక గట్టి గీత పడుతుంది. ఆడాసిటీ ఉచితం, ఫోన్‌లో మైకు ఉంది, కథలకు కొదవ లేదు. ఈ ఆదివారం రెండు నిమిషాల డెమో ఒకటి రికార్డు చేసి, మీ ఇంట్లో కథలంటే ఇష్టమున్న పెద్దవాళ్లకు వినిపించండి. మధ్యలో లేచి వెళ్లిపోకుండా ‘ఆ తర్వాత?’ అని అడిగారంటే రెండోది మొదలుపెట్టండి.