తాళం వేసిన రొట్టెల పెట్టె



గత నెల తార్నాకలో ఒక విశ్వాసుల ఇంట్లో భోజనం చేశాను. కంచాలు తీసింది పన్నెండేళ్లు కూడా ఉండని బాబు. ఎవరని అడిగితే, "మా ఊరి పిల్లాడే అయ్యగారూ, చదివిద్దామని తెచ్చుకున్నాం" అన్నారు. "బడికి పంపండమ్మా" అన్నాను. ప్రార్థన చేసి వచ్చేశాను.

అక్కణ్ణుంచి ఇఫ్లూ క్యాంపస్‌కి వెళ్లాను. మన సంఘం అబ్బాయి అక్కడ స్పానిష్ చదువుతున్నాడు. చెట్టు కింద కూర్చుని తన పాఠంలో కథ చెప్పాడు. 1554లో రచయిత పేరు లేకుండా అచ్చయిన పుస్తకమట. అందులో పిల్లవాడి పేరు లాసరిల్యో, అంటే చిన్న లాజరు. తండ్రి పోయాడు. సాకలేక తల్లి వాణ్ణి ఒక గుడ్డి బిచ్చగాడి దగ్గర పనికి పెట్టింది. ఆ తర్వాతి యజమాని ఒక పాదిరి. ఆయన రొట్టెలు పెట్టెలో పెట్టి తాళం వేసుకునేవాడు. పిల్లవాడికి నాలుగు రోజులకొక ఉల్లిపాయ. వాడు మారు తాళంచెవి సంపాదించి రొట్టె కొరుక్కు తింటే ఎలుకలనుకున్నాడు, తర్వాత పామనుకున్నాడు. ఆకలి అని మాత్రం తోచలేదు. చివరికి కర్రతో వాడి తల పగలగొట్టి, గాయం మానాక వెళ్లగొట్టాడు. 1559లో మతాధికారులు పుస్తకాన్ని నిషేధించారు. పాదిరి గురించి కదా మరి!

నాకు అసలు దెబ్బ తగిలింది రెండో కథలో. 1605 నాటి 'డాన్ క్విక్సోట్'లో, ఆంద్రెస్ అనే గొర్రెలు కాసే కుర్రాణ్ణి యజమాని చెట్టుకు కట్టి కొడుతుంటాడు. మన వీరుడు ఆపించి, జీతం బాకీ ఇచ్చేస్తానని మాట తీసుకుని వెళ్లిపోతాడు. ఆయన కనుమరుగు కాగానే మళ్లీ కట్టేసి అంతకన్నా ఎక్కువ కొట్టారు. తర్వాత ఎప్పుడో ఎదురైతే, ఇంకెప్పుడూ నాకు సాయం చేయొద్దని ఆ కుర్రాడు మొరపెట్టుకుంటాడు.

నేను ఆ ఇంట్లో చేసిందీ అదే.

1 సమూయేలు 30 చూడండి. జబ్బుచేసిన ఐగుప్తు కుర్రాణ్ణి యజమాని పొలంలో వదిలేసి పోయాడు. మూడు రోజులుగా తిండి లేదు. దావీదు ముందు వాడికి రొట్టె, నీళ్లు, అంజూరపండ్లు, ద్రాక్షలు పెట్టించి, తర్వాతే ఎవరివాడవని అడిగాడు.

పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇళ్లలో, హోటళ్లలో పనికి పెట్టడం 2006 అక్టోబరు 10 నుంచే నేరం. అయినా "చదివిస్తున్నాం" అన్న ఒక్క మాటతో మన ఇళ్లలో అన్నీ కప్పేస్తున్నాం. అది విని తలూపే నాలాంటివాళ్లదీ తప్పే.

వచ్చే సోమవారం ఆ ఇంటికి మళ్లీ వెళ్తున్నాను. మీ ఇళ్లకు ప్రార్థనకు వచ్చినప్పుడూ అడుగుతాను, బాబు ఏ బడి, ఏ తరగతి అని. వాడు మన పక్కన కూర్చుని తిన్నాకే నేను లేస్తాను. ముందే చెప్తున్నాను, తప్పుగా అనుకోవద్దు.