తుపాకులు వెనక్కి తీసుకోమన్న తీర్పు ఏమైంది?

2025 నవంబర్ 18న ఏలూరు ఉలిక్కిపడింది. మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు మాడవి హిడ్మా ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడన్న వార్త వచ్చింది. దాని వెంటే విజయవాడ, ఏలూరు, కాకినాడ వైపు యాభై మంది మావోయిస్టులు పట్టుబడ్డారన్న వార్త. ఇల్లు అద్దెకి ఎవరిచ్చారు, ఆధార్ చూడకుండా ఎలా ఇచ్చారు, పక్కింటివాళ్ళకి అనుమానమైనా రాలేదా అని ఊరంతా ఒకటే మాట. నాలుగు రోజులు నడిచింది. తర్వాత ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు.

ఆ నాలుగు రోజుల్లో ఎవరి నోటా రాని మాట ఒకటుంది. హిడ్మా తిరిగిన ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవి నుంచే, అవే తుపాకులకు భయపడి, చంటిపిల్లల్ని చంకనేసుకుని పారిపోయి వచ్చినవాళ్ళు మన జిల్లాలోనే ఉన్నారు. జంగారెడ్డిగూడెం, జీలుగుమిల్లి దాటి పైకి వెళితే కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు వస్తాయి. 2014 దాకా ఖమ్మం జిల్లా, తర్వాత పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు. అక్కడ రోడ్డు దిగి అడవిలోకి నడిస్తే నాలుగు గుంజలు పాతి, తడికలు కట్టి, పైన తాటాకో టార్పాలినో కప్పిన పాకలు కనిపిస్తాయి. మంచినీళ్ళకి వాగు. వాళ్ళని మనం గుత్తికోయలంటాం. సీజన్లో మిరపకాయల కోతకి ట్రాక్టర్ ట్రక్కుల్లో నిలబెట్టి తీసుకుపోతారు. సాయంత్రానికి వేళ్ళు మంటెత్తిపోతాయి, కడిగినా ఆ మంట పోదు, ఆ చేతులతోనే పసిబిడ్డని ఎత్తుకోవాలి. మన పచ్చళ్ళకి కారం వాళ్ళ చేతుల మీదుగా వస్తోంది. వాళ్ళెందుకు వచ్చారో మాత్రం మనకి అక్కర్లేదు.

ఎందుకొచ్చారో చెబుతాను. 2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో మావోయిస్టుల మీదికి సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలైంది. ముందు నిలబడింది కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ, వెనక నిలబడింది రమణ్‌సింగ్ బీజేపీ ప్రభుత్వం. ప్రతిపక్షం, అధికారపక్షం చేయీ చేయీ కలిపి ఊళ్ళ మీద పడ్డాయి. 644 ఊళ్ళు ఖాళీ అయ్యాయన్నది అక్కడి అధికారులు చెప్పిన లెక్కే. రోడ్డు పక్క శిబిరాలకి రాకపోతే నువ్వు నక్సలైటువన్నారు. వస్తే ద్రోహివని మావోయిస్టులు చంపారు. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరం మీద వాళ్ళు దాడి చేసినప్పుడు పసిబిడ్డ కూడా బతకలేదు. ఈ రెండు తుపాకుల మధ్య నుంచి తప్పించుకున్నవాళ్ళు శబరి నది దాటారు, గోదావరి గట్లకి చేరారు.

సల్వాజుడుం చేతికి తుపాకులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. చదువు అంతంతమాత్రమైన ఆదివాసీ కుర్రాళ్ళని పిలిచి, రెండు నెలల శిక్షణ ఇచ్చి, స్పెషల్ పోలీస్ ఆఫీసరని పేరు పెట్టి రైఫిల్ చేతికిచ్చారు. మొదట్లో నెలకి 1,500 రూపాయలు. 2011 నాటికి అలాంటివాళ్ళు దాదాపు 6,500 మంది. అదే ఏడాది జూలై 5న సుప్రీంకోర్టు ధర్మాసనం దీన్ని రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. తీర్పు రాసింది మన తెలుగువాడు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, పక్కన జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్. ఈ కుర్రాళ్ళకి, వాళ్ళలో మానేసినవాళ్ళకి కూడా ఇచ్చిన ప్రతి ఆయుధాన్నీ, ఏ రకందైనా సరే, వెంటనే వెనక్కి తీసుకోమని ఆదేశించారు. తుపాకీ ఇవ్వడం సులువు, రేపు ఇమ్మంటే వాళ్ళు ఇవ్వకపోతే ఏమిటి గతి అని ఆ తీర్పులోనే ఆందోళన పడ్డారు.

ఆయుధం దించమన్న క్షణం నుంచి ఉపన్యాసాలు మొదలయ్యాయి. వీటిని వరసగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఏ దేశంలోనైనా ఇవే వినిపిస్తాయి. ఇది ప్రజలు తమంతట తాము చేసిన శాంతి ఉద్యమం అన్నారు. ఊరు తగలబడ్డప్పుడు నిలదీస్తే వాళ్ళు ప్రజలు, మేమేం చేస్తాం అన్నారు. అయితే తుపాకులు తీసేయండంటే వాళ్ళు పోలీసులు, ఎలా తీసేస్తాం అన్నారు. ఒకే మనిషి, ఒకే రైఫిలు. హత్యకి బాధ్యత అడిగితే పౌరుడు, ఆయుధం అడిగితే పోలీసు. పాకల్లో బతుకుతున్నవాళ్ళ నెత్తురంతా ఈ రెండు మాటల సందులోంచే కారిపోయింది.

తుపాకీ తీసేస్తే నక్సలైట్లు వాళ్ళని చంపేస్తారు అన్నది ఇంకో మాట. బయట సభల్లో ఇది గట్టిగా పనిచేసింది, ఎందుకంటే అందులో నిజం ఉంది. 2007 మార్చిలో రాణిబోద్లి ఠాణా మీద మావోయిస్టులు దాడి చేసి 55 మందిని చంపితే వాళ్ళలో ఎక్కువమంది ఈ కుర్రాళ్ళే. కానీ ఆ భయానికి జవాబు కోర్టు ఆ తీర్పులోనే రాసింది. ఆయుధం తీసుకున్నాక ఆ కుర్రాళ్ళ ప్రాణానికి రక్షణ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే అని స్పష్టంగా చెప్పింది. ఆ ముక్క ఒక్క నాయకుడూ చదివి వినిపించలేదు.

ప్రభుత్వం చేసిన పని వేరు. కొన్ని నెలలు తిరక్కుండానే ఛత్తీస్‌గఢ్ సహాయక సాయుధ పోలీసు దళం చట్టం తెచ్చింది. తీర్పు వచ్చిన తేదీ నుంచే అమల్లోకి వచ్చినట్టు రాసుకుంది. నిన్న స్పెషల్ పోలీస్ ఆఫీసరు, ఇవాళ సహాయక కానిస్టేబులు. మనిషి అదే, తుపాకీ అదే, బోర్డు మారింది. 2012లో కోర్టు ధిక్కారం పిటిషన్ వేస్తే పదమూడేళ్ళు నలిగింది. 2025 మేలో సుప్రీంకోర్టు, శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కిందికి రాదని చెప్పి ఆ పిటిషన్ని ముగించింది. న్యాయసూత్రంగా అది సరే కావచ్చు. పాకలో ఉన్న మనిషికి మాత్రం దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు తుపాకీ దించమన్నాక కూడా తుపాకీ దిగలేదన్నదే మిగిలింది.

ఇంకా ఘోరం 2016 అక్టోబర్‌లో చూశాం. 2011 మార్చిలో తాడ్‌మెట్ల ఊరు తగలబెట్టిన కేసులో సీబీఐ ఏడుగురు స్పెషల్ పోలీస్ ఆఫీసర్ల మీద చార్జిషీటు వేసింది. వెంటనే బస్తర్ అంతటా ఈ సహాయక దళాల వాళ్ళు యూనిఫాం వేసుకుని రోడ్డెక్కారు. కేసు వేసినవాళ్ళవి, రాసినవాళ్ళవి దిష్టిబొమ్మలు తగలబెట్టారు. ప్రభుత్వం జీతమిచ్చి, తుపాకీ ఇచ్చిన మనిషి న్యాయం అడిగినవాడి బొమ్మకి నిప్పు పెట్టాడు. ఈ దేశంలో ఎంతమందికి కడుపు మండింది? మన పేపర్లలో అది లోపలి పేజీ దాటిందా?

2025 ఆగస్టుకి రండి. సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఒక సభలో ఆయన నక్సలిజానికి సాయం చేశారనీ, ఆ సల్వాజుడుం తీర్పే లేకపోతే 2020కల్లా నక్సలిజం అంతమైపోయేదనీ అన్నారు. పద్నాలుగేళ్ళయినా ఉపన్యాసం ఆగలేదు. ప్రైవేటు చేతుల్లో తుపాకీ ఉండకూడదన్న న్యాయమూర్తి దేశద్రోహుల పక్షం, తుపాకీ పంచినవాడు దేశభక్తుడు. పదవీ విరమణ చేసిన పద్దెనిమిది మంది న్యాయమూర్తులు అభ్యంతరం చెబుతూ ప్రకటన ఇచ్చారు. తెలుగువాడి మీద ఆ మాట పడితే తెలుగునాట ఆయన ఏ పార్టీ అభ్యర్థి, ఎవరి ఓటు ఎటు అన్న లెక్కలే నడిచాయి. ఆ తీర్పు ఎవరి కోసం రాశారో, వాళ్ళు కుక్కునూరులో ఉన్నారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

నేనేదో ఒక పక్కవాళ్ళనే అంటున్నానని కొందరికి అనిపించవచ్చు. కాదు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకీ చర్చలు జరిగినప్పుడు, వాటి కోసం ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దమనిషి ఏళ్ళ తరబడి పడ్డ కష్టం ఎక్కడ ముక్కలైంది? ఆయుధాల దగ్గరే. ఊళ్ళలోకి ఆయుధాలతో రావద్దని ప్రభుత్వం, ఆయుధం వదిలే ప్రసక్తే లేదని నక్సలైట్లు. తుపాకీయే ప్రజల ఆత్మరక్షణ అన్నారు. 2005 జనవరికి చర్చలు లేవు, కాల్పులు మొదలు. 2025 అక్టోబర్‌లో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు ఆయుధం వదిలేద్దాం అని బయటికి వస్తే సొంత పార్టీ ఆయన్ని ద్రోహి అంది. వదిలేద్దామన్నవాడే ద్రోహి కావడం అక్కడా ఇక్కడా ఒకటే. మన ఉమ్మడి రాష్ట్రంలోనే గ్రీన్ టైగర్లు లాంటి పేర్లు పెట్టుకుని తిరిగిన ముఠాలున్న రోజుల్లో పౌరహక్కుల సంఘం నాయకులు పురుషోత్తం 2000 నవంబర్‌లో, ఆజం అలీ 2001 ఫిబ్రవరిలో హత్యకు గురయ్యారు. ఆ ముఠాలు కూడా నక్సలైట్లకి ప్రజలే బుద్ధి చెబుతున్నారన్న మాటే పలికాయి.

ఈ పాఠం తెలుగువాళ్ళకి కొత్తది కాదు. 1948లో రజాకార్లని రద్దు చేయమని ఢిల్లీ అడిగితే, వాళ్ళు స్వచ్ఛంద సేవకులు, ఆత్మరక్షణ కోసం ఉన్నారు, సరిహద్దుల్లో దాడులు ఆపితే చూద్దాం అని నిజాం ప్రభుత్వం జవాబిచ్చింది. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ ఉపన్యాసాలు ఆగలేదు, సెప్టెంబర్‌లో సైన్యం వచ్చేదాకా రజాకార్లూ ఆగలేదు. అప్పుడు తెలంగాణ ఊళ్ళ నుంచి తరిమేస్తే జనం బెజవాడకీ కృష్ణా జిల్లాకీ వచ్చారు. కోస్తా వాళ్ళు శిబిరాలు నడిపారు, అన్నం పెట్టారు. ఆ మనుషుల మనవలమే మనం. లెబనాన్‌లో 1989 తాయిఫ్ ఒప్పందం మిలీషియాలన్నీ ఆయుధాలు అప్పగించాలంది. మిగతావి చాలావరకు అప్పగించాయి, హిజ్బుల్లా మాత్రం మాది మిలీషియా కాదు ప్రతిఘటన అని ఉంచుకుంది. ఆ తుపాకుల కింద ఒక తరం పుట్టి పెరిగింది. ఉత్తర ఐర్లాండ్‌లో 1998లో ఒప్పందం కుదిరితే ఐఆర్‌ఏ ఆయుధాలు పూర్తిగా పోవడానికి 2005 దాకా పట్టింది. కానీ అక్కడ జనం ఏడేళ్ళూ అడుగుతూనే ఉన్నారు. ఆయుధాలు పోయాయని తటస్థులు కళ్ళతో చూసి చెప్పేదాకా వదల్లేదు. మనం ఏడు రోజులు కూడా అడగలేదు.

అడగడం రాక కాదు. కొల్లేరు గుర్తు తెచ్చుకోండి. 2006లో సముద్రమట్టానికి +5 అడుగుల కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కోర్టు ఆదేశం ప్రకారం తెగ్గొట్టారు. పొక్లెయిన్లు దిగాయి, పేలుడు పదార్థాలు పెట్టి పేల్చారు. కైకలూరు నుంచి ఉంగుటూరు దాకా లంక గ్రామాలన్నీ కదిలాయి. పార్టీలన్నీ కదిలాయి. +5ని +3కి తగ్గిస్తామన్న హామీ ఆ తర్వాత ఎన్ని ఎన్నికల్లో విన్నామో లెక్కే లేదు. గట్టు తెగినవాడి బాధ చిన్నదని నేననను. అప్పు తెచ్చి సీడు పోసిన రైతు, కళ్ళముందే నీళ్ళూ చేపా కలిసి పోతుంటే ఏమైపోవాలి? అడగాల్సిందే, అడిగారు. ఒక సుప్రీంకోర్టు ఆదేశం మన చెరువు మీదికి వస్తే ఇరవై ఏళ్ళుగా మాట్లాడుతున్నాం. ఇంకో సుప్రీంకోర్టు ఆదేశం అమలు కాకపోవడం వల్ల మన జిల్లాలోనే మనుషులు పరాయివాళ్ళుగా పడుంటే ఒక్క పార్టీ, ఒక్క సంఘం, ఒక్క కుల పెద్ద పట్టించుకోలేదు.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ దగ్గర ఒక పెద్దాయనతో ఈ మాటే అన్నాను. బాగా చదువుకున్న మనిషి, దానధర్మాలు చేసే మనిషి. "వాళ్ళు మనోళ్ళు కాదు కదండీ, అయినా అడవి నరికేస్తన్నారంట కదా" అన్నారు. నాకు కోపం ఆయన మీద కాదు. ఆ మాట అంత తేలిగ్గా వచ్చేలా మన చుట్టూ అల్లుకున్న ఈ మౌనం మీద. అడవి నరికారంటే తినడానికి గింజ కావాలి కనక నరికారు. పోడు చేస్తే అటవీ శాఖ పాకలు పీకుతుంది. అటవీ హక్కుల చట్టం కింద పట్టా రావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి చేతిలో ఉండాలి. అప్పటికి వీళ్ళలో ఎంతోమంది ఇంకా ఆవలి ఒడ్డున ఇల్లు తగలబడుతుంటే చూస్తున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగ, శబరి దాటితే ఆ సర్టిఫికెట్ లేదు. 2006లో తల్లి చంకలో నది దాటిన బిడ్డకి ఇప్పుడు ఇరవై ఏళ్ళు. ఇక్కడే నడక నేర్చాడు, ఇక్కడే తెలుగు నేర్చాడు, మిరప చేలో కూలికి పోతున్నాడు. ఏ తెగవాడివంటే చూపించడానికి కాయితం లేదు. పైగా ఆ రెండు మండలాలూ పోలవరం ప్రాజెక్టు ముంపులో ఉన్నాయి. 2022 జూలైలో గోదావరి ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు చూశాం అక్కడి బతుకు ఎలాంటిదో. రేపు రిజర్వాయర్ నిండితే పట్టా లేని ఈ మనిషి ఏ లెక్కలోకి వస్తాడు? ఇంకోసారి పిల్లల్ని చంకనెత్తుకుని ఏ ఒడ్డుకి పోవాలి?

వెనక్కి పొండి అంటారు కొందరు. ఎక్కడికి? ఇల్లు తగలబెట్టినవాడి భుజానికి ఇంకా ప్రభుత్వం తుపాకీయే వేలాడుతోంది.

ఏలూరు కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. మన కాలనీ డ్రైనేజీ గురించి రాసిచ్చే చేత్తోనే ఇంకో అర్జీ రాయండి. కుక్కునూరు, వేలేరుపాడు గుత్తికోయ పాకల్లో ఎన్ని కుటుంబాలున్నాయో ఇంటింటికీ తిరిగి లెక్క కట్టమని, ఆ పిల్లలకి తెగ సర్టిఫికెట్ ఎందుకివ్వరో లిఖితపూర్వకంగా చెప్పమని, ముంపు జాబితాలో వాళ్ళ పేర్లు ఎక్కడున్నాయో చూపించమని అడగండి. పోలవరం ఎమ్మెల్యేని అసెంబ్లీలో అడగమనండి. ఏలూరు ఎంపీకి ఉత్తరం రాయండి: 2011 జూలై 5 తర్వాత ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎన్ని తుపాకులు వెనక్కి తీసుకుంది, ఎవరి దగ్గర నుంచి, ఏ తేదీన, ఇప్పుడవి ఏ ఆయుధాగారంలో ఉన్నాయి? పార్లమెంటులో ఈ ఒక్క ప్రశ్న వేయమనండి. జవాబు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ వేయమనండి.